పళ్ళెం కనబడే లోతు

మా ఊరి నది మళ్ళీ మురికెక్కిపోతోందని మా మామగారు అన్నారు. దానికి కారణం మా నాన్నేనని కూడా ఆయనే అన్నారు. ఈ రెండు మాటల మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్నది నేను. కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి. వాళ్ళిద్దరికీ వదిలేస్తే రెండు కథలవుతాయి, ఒకదాంట్లో ఉన్న నది ఇంకోదాంట్లో ఉండదు.

ముందు నది సంగతి. పెద్ద నదేం కాదు. ఈ ఒడ్డున నిలబడి పిలిస్తే ఆ ఒడ్డున ఉన్నవాళ్ళు పలుకుతారు, పలకడం ఇష్టం లేకపోతే వినబడనట్టు ఉంటారు. ఎవరూ పట్టించుకోని రోజుల్లో అందులో కుర్చీలు, టైర్లు, ఒకసారి గడియతో సహా ఒక తలుపు తేలుతూ పోయాయి. చివరికి ఒడ్డు మీది ముప్పై ఇళ్ళవాళ్ళం కలిసి నది కమిటీ పెట్టుకున్నాం. ఇంటికి నలభై అడుగుల ఒడ్డు. ఎవరి నలభై అడుగుల్లో చెత్త వాళ్ళే తీయాలి. వినడానికి బాగానే ఉంది. కానీ నది కదులుతుంది కదా. ఒక పాత చెప్పు మా వాటాలోకి తేలుతూ వస్తే, పక్కింటి వాటాలోకి చేరేదాకా మేం దాన్ని కర్రతో మెల్లిగా ముందుకు నెట్టేవాళ్ళం. వాళ్ళూ అంతే చేసేవాళ్ళు. అలా ఒకే చెప్పు ముప్పై ఇళ్ళ కర్రదెబ్బలూ తిని ఊరవతలికి చేరేది. దాంతో మా మామగారు, చెప్పు ముందు ఎవరి కంటబడితే వాళ్ళే తీయాలని ఒక నిబంధన రాశారు. ఆ వారం నుంచి ఒడ్డు మీద అందరూ ఆకాశం చూస్తూ నడవడం మొదలుపెట్టారు. ఇద్దరు నదిలో పడ్డారు.

అయినా నది బాగుపడింది. మా కమిటీకి పెద్ద, బేకరీ ఆవిడ. తెల్లారకముందే లేచి పిండి కలిపే మనిషి కనుక, ఆదివారం పొద్దున ఏడింటికి ఎవరైనా ఆవలిస్తే ఊరుకోదు. ఆవిడ భయానికి కొంత, మా మామగారి నిబంధనల భయానికి కొంత, మొత్తానికి మూడేళ్ళలో నీళ్ళు తేటపడ్డాయి. మున్సిపల్ ఆఫీసు వాళ్ళు మురిసిపోయి నది బాగోగులు మా కమిటీకే అప్పగిస్తూ కాగితం రాసిచ్చారు. ఎవరి వల్లయినా నది పాడవుతోందని కమిటీ ఉత్తరం రాస్తే, వాళ్ళ దుకాణానికి ఆఫీసు తాళం వేస్తుంది. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి మా మామగారి నడకే మారిపోయింది.

నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో కొలవడానికి మా దగ్గర ఒక తెల్ల పళ్ళెం ఉంది. ఎనామిల్ పళ్ళెం, అంచున కొంచెం పెచ్చూడింది. దానికి మూడు చిల్లులు వేసి, కింద రాయి కట్టి, పైన తాడు కట్టాం. తాడుకి జానెడుకొక ముడి. ప్రతి ఆదివారం నది మధ్యకి వెళ్ళి పళ్ళేన్ని మెల్లిగా దించాలి. ఎన్నో ముడి మునిగేసరికి అది కంటికి కనబడకుండా పోతుందో ఆ అంకె రాసుకోవాలి. అంకె పెద్దదైతే నీళ్ళు తేట, చిన్నదైతే మురికి. మొదట్లో నాలుగో ముడికే మాయమైన పళ్ళెం, మూడో ఏటికి పన్నెండో ముడి దాకా కనబడింది. ఆ రోజు బేకరీ ఆవిడ అందరికీ ఊరికే బన్నులు పంచింది. ఆవిడ చేతి నుంచి ఊరికే ఏదైనా రావడం ఊళ్ళో అదే మొదలు.

పళ్ళెం చూసేది ఎప్పుడూ మా మామగారే. మనిషికొక చూపు ఉంటుంది, వారానికొకరు చూస్తే లెక్క కుదరదు, అందుకని చూసే కన్ను ఒక్కటే ఉండాలని నిబంధన. ఇదీ ఆయన రాసిందే. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో ముప్పై రెండేళ్ళు ప్రూఫులు దిద్దారు. ఇప్పటికీ పెళ్ళి కార్డు వస్తే ముందు ఎర్ర పెన్నుతో అందులో తప్పులు దిద్ది, ఆ తర్వాతే వెళ్ళాలో వద్దో ఆలోచిస్తారు. ఊళ్ళో ఆయన కళ్ళకున్న పేరు మనుషులకి లేదు. నేను పోస్టాఫీసులో పనిచేస్తాను, చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను కమిటీ కార్యదర్శిని చేశారు. ఆయన చెప్పిన అంకె రిజిస్టరులో రాయడం నా పని. రాసేటప్పుడు కార్యదర్శి నీళ్ళలోకి చూడకూడదు. చూస్తే నా మొహంలో ఏదో కనిపించి ఆయన అంకె మారిపోతుందట.

నది మధ్యకి వెళ్ళే వాహనం గురించి చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. మూసేసిన పార్కు నుంచి చవగ్గా కొన్న తొక్కే పడవ అది. హంస ఆకారం. ముందు సీట్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఎవరి పెడళ్ళు వాళ్ళు తొక్కాలి, వెనక సీట్లో నేను. తెచ్చేటప్పుడు మెడ విరిగితే మెకానిక్ అతికించాడు, కానీ తల వెనక్కి తిరిగేలా అతికించాడు. అందువల్ల పడవ ముందుకి పోతున్నంతసేపూ హంస నన్నే చూస్తుంటుంది.

మా నాన్నకి ఎగువన, వంతెన పక్కన లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతుకుతారు. ఆ నీళ్ళు వెనకున్న గుంటలో తేరుకున్నాక నదిలోకే పోతాయి. ఈ ఎండాకాలం మొదట్లో నాన్న ఒక పెద్ద మెషిన్ కొన్నాడు. అది తిరుగుతుంటే పక్క వీధిలో గిన్నెలు గలగలమంటాయి. సరిగ్గా అప్పటి నుంచే మా మామగారి అంకెలు తగ్గడం మొదలైంది. పదకొండు. పది. ఎనిమిది. ఏడు. ఆరు. ఐదు.

ఎనిమిది కంటే తక్కువ అంకె వరసగా పది వారాలు వస్తే ఆఫీసుకి ఉత్తరం వెళ్ళాలని నిబంధన. మొదట్లో మా మామగారు మీటింగులో ఎవరి పేరూ ఎత్తలేదు. "ఎగువన ఎవరో ఏదో వదులుతున్నారు" అని మాత్రమే అన్నారు. మా నాన్న వెంటనే లేచి "నేను కాదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఇంక పేరు ఎత్తాల్సిన పని లేకపోయింది.

ఒకసారి ఆయన మురికి అన్నాక ఊరందరికీ మురికే కనిపించింది. మా డ్రాయింగ్ మాస్టారు ఒడ్డున నిలబడి రంగులో తేడా ఉందన్నాడు. బేకరీ ఆవిడ పిండిలో కూడా ఏదో వాసన వస్తోందంది, ఆవిడ పిండికీ నదికీ ఏ సంబంధమూ లేదు. చేపలు పట్టే ఆయన చేపలు దిగులుగా ఉన్నాయన్నాడు. చేపలు ఎప్పుడు సంతోషంగా ఉన్నాయో నాకు తెలీదు కానీ అందరూ తలలూపారు.

తొమ్మిది వారాలైంది. ఉత్తరం టైపు చేయించారు, సంతకాలు పెట్టించారు. పదో ఆదివారం అంకె కోసం చిన్న ఖాళీ ఒక్కటే వదిలారు. నన్ను పెంచింది, చదివించింది ఆ లాండ్రీ. అది మూతపడితే నాన్న ఏమవుతాడో నాకు తెలుసు. సెలవు పెడితే మధ్యాహ్నానికల్లా ఇంట్లో కర్టెన్లు విప్పి ఉతికే మనిషి. ఇంక ఉతకడానికేం లేకపోతే ఆ మనిషి బతకడు. నాకు రాత్రీ పగలూ అదే బెంగ.

అంతకు కొన్ని వారాల ముందు నుంచే పోస్టాఫీసులో నా కౌంటర్‌కి మా మామగారి ఉత్తరాలు వస్తున్నాయి. ఆయన దేన్నైనా ఉత్తరంతోనే తేల్చుకుంటారు, దానికి ముద్ర కొట్టేది నేనే. మొదటిది వార్తాపత్రికకి. సిరా పొదుపు చేయడం మంచిదే కానీ అక్షరాలు మాయమయ్యేంత పొదుపు పనికిరాదని. రెండోది బల్బుల కంపెనీకి. మీ బల్బులు వెలుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి టార్చి వేయాల్సి వస్తోందని. మూడోది బస్సుల వాళ్ళకి, నంబర్లు రాసే పెయింటర్‌ని మార్చమని. ఊరంతా ఒక్కసారిగా నాసిరకం అయిపోయిందని ఆయన బాధ. నేను ముద్ర కొట్టుకుంటూ పోయాను, నాకు బుద్ధి లేదు.

బుద్ధి వచ్చింది తొమ్మిదో అంకె రాసిన మర్నాడు, సోమవారం మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికొచ్చినప్పుడు. మా ఆయన గడియారాలు బాగుచేస్తారు, ఊరందరి టైమూ సరిచేస్తారు కానీ భోజనానికి ఏ రోజూ టైముకి రారు. ఆ రోజు నేను వంటింట్లోంచి వస్తుంటే ముందు గదిలో మా మామగారు కొడుకుని నిలబెట్టి చీవాట్లు పెడుతున్నారు. "నీకోసం అందరూ ఆకలితో కూర్చోవాలా? మాట్లాడవేం? తల ఎందుకు దించుకున్నావ్?" నేను వెళ్ళి చూస్తే అక్కడ మా ఆయన లేరు. కొక్కేనికి తగిలించిన ఆయన రెయిన్‌కోటు ఉంది. చీవాట్లు తింటూ మాట్లాడకపోవడం మా ఆయన అలవాటే కనుక మా మామగారికి ఏ అనుమానమూ రాలేదు.

నేను వెనక్కి వంటింట్లోకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత తొమ్మిది వారాల అంకెలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి, ఆ నవ్వు పోయింది.

అయినా తొందరపడకూడదని ఒక పరీక్ష పెట్టాను. "మావయ్యగారూ, తాడు ముడులు జారాయేమో ఇంట్లో ఒకసారి చూద్దామా?" అన్నాను. నిబంధనల్లాంటి మాట వినబడితే ఆయన కాదనరు. వంటింట్లో ఫిల్టరు నీళ్ళ డ్రమ్ము ఉంది, నా నడుం ఎత్తు. ఆయన మూత తీసి పళ్ళెం దించారు. నది మీదున్నంత వెలుతురు వంటింట్లో లేదు, మూడో ముడి దగ్గరే ఆగి, "పోయింది, కనబడటం లేదు" అన్నారు. నాకు పళ్ళెమే కాదు, దాని అంచున ఊడిన పెచ్చు కూడా కనిపిస్తోంది.

ఆయన లేచి నిలబడి తాడు మెల్లిగా చుట్టుకున్నారు. ఆ తర్వాత, "అమ్మాయ్, తాగే నీళ్ళలోకి కూడా వచ్చేసింది మీ నాన్న మురికి" అన్నారు.

మర్నాడు నీటి సరఫరా వాళ్ళకి ఉత్తరం నా కౌంటర్‌కి వచ్చింది.

నేను మా అత్తగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ, "నాకు తెలుసులేవే. పది రోజుల కిందట నా మొహం చూసి, నీ వయసు తగ్గిపోతోందేంటీ అన్నారు. అందుకే నేనేం మాట్లాడలేదు" అంది. మా ఆయన్ని అడిగితే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని గడియారంలోకి తల దూర్చేశారు. చేసేది లేక నేనే ధైర్యం చేసి, "మావయ్యగారూ, ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపిద్దామా?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ మాట మీ నాన్న చెప్పమన్నాడా?" అని అడిగారు. అత్తింట్లో నేను లాండ్రీ ఆయన కూతుర్ని. పుట్టింట్లో ప్రూఫుల ఆయన కోడల్ని. నా మాట చెల్లే ఇల్లు ఈ ఒడ్డునా లేదు, ఆ ఒడ్డునా లేదు.

గత్యంతరం లేక నాన్నకి చెప్పాను. ఇస్త్రీ బల్ల మీద చేతులు ఆనించి మొత్తం విన్నాడు. వినీ వినగానే పడీపడీ నవ్వాడు. మెషిన్ చప్పుడులో కూడా ఆ నవ్వు వినబడింది.

"ఆదివారం నేనూ ఆ పడవెక్కుతా" అన్నాడు. "నింద మోసేవాడికి ఆ మాత్రం హక్కుంది. పళ్ళెం చూశాక ఒడ్డుకొచ్చి అందరి ముందూ చెప్తా. పాడైంది నది కాదర్రా, మీ వియ్యంకుడి కళ్ళు అని."

"మీ వియ్యంకుడు కాదు నాన్నా, నీ వియ్యంకుడు."

"ఎవరి వియ్యంకుడైతేనేం. తొమ్మిది వారాలు తల దించుకుని నడిచాను తల్లీ."

"పడవలోనే చెప్పు నాన్నా. ఆయనొక్కరికీ చెప్పు. ఒడ్డు మీద వద్దు. ఆ కళ్ళ పేరు మీదే బతుకుతున్నారాయన. మా ఇంటి పెద్ద ఆయన."

"మరి నేను మీ ఇంటికి ఏమవుతాను?"

లాండ్రీ నిలబడాలి, అదొక్కటే నా కోరిక. అది నిలబడాలంటే మా మామగారు నలుగురిలో నవ్వులపాలు కావాలా అన్నది నా ఏడుపు. ఆ మూడు రోజులూ పోస్టాఫీసులో నేను ముద్రలన్నీ తలకిందులుగా కొట్టాను.

పదో ఆదివారం ఒడ్డు మీద ముప్పై ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. బేకరీ ఆవిడ ఉత్తరం అట్టకి క్లిప్పు పెట్టి, పెన్ను మూత తీసి సిద్ధంగా నిలబడింది. మా నాన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మా మామగారు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. ఇద్దరు వియ్యంకులూ హంస పడవలో పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి, ఇద్దరూ తగలనట్టు ఉన్నారు.

ఆ పడవలో ఎవరి పెడళ్ళు వాళ్ళ వైపు చక్రాన్ని తిప్పుతాయి. ఒకరు గట్టిగా, ఒకరు మెల్లిగా తొక్కితే పడవ ముందుకి పోదు, గుండ్రంగా తిరుగుతుంది. దుప్పట్లు మోసి మోసి మా నాన్న కాళ్ళు ఉక్కులా ఉంటాయి. మా మామగారివి కుర్చీలో కూర్చున్న కాళ్ళు. ఒడ్డు వదిలిన దగ్గర్నుంచి హంస గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టింది.

"నెమ్మదిగా తొక్కండి బావగారూ. ఇది మీ మెషిన్ కాదు" అన్నారు మా మామగారు.

"మీరే కొంచెం తొక్కండి బావగారూ. ఇది పెన్ను కాదు" అన్నాడు మా నాన్న.

మూడు చుట్లు తిరిగాం. ఒడ్డు మీద ఎవరో చప్పట్లు కొడితే బేకరీ ఆవిడ ఒక్క చూపు చూసింది, ఆగిపోయాయి. నాకు కళ్ళు తిరిగాయి, హంస మాత్రం నన్నే చూస్తోంది. ఎలాగో నది మధ్యకి చేరాం.

మా మామగారు తాడు చేతిలోకి తీసుకున్నారు. నేను నిబంధన ప్రకారం ఆకాశం వైపు చూడాలి. చూడలేదు. ఆయన దాదాపు ముక్కు నీళ్ళకి తగిలేంత వంగి పళ్ళెం దించుతున్నారు, పెదాలు కదుపుతూ ముడులు లెక్కపెడుతున్నారు. ఒకటి, రెండు, మూడు. నీళ్ళలో పళ్ళెం తెల్లగా మెరుస్తోంది. నాలుగు. ఒక చిన్న చేప వచ్చి దాని మీద నిలబడింది. ఐదు.

"పోయింది" అన్నారు.

మా నాన్న నోరు తెరిచాడు. ఆ నోటి నుంచి ఏ మాట రాబోతోందో నాకు తెలుసు కనుక పెన్ను గట్టిగా పట్టుకున్నాను. కానీ మా మామగారు ఇంకా లేవలేదు. అలాగే వంగి, నీళ్ళతో మాట్లాడుతున్నట్టు అన్నారు.

"ఈ నది పోతోంది బావగారూ. మీమీద కోపంతో అంటున్నానని మీరనుకుంటారు. కాదండీ. రోజూ పొద్దున్నే ఒక్కణ్ణే వచ్చి చూస్తున్నాను. నిన్నటికంటే ఇవాళ మసక. ఇవాళ్టికంటే రేపు. మూడేళ్ళు ముప్పై ఇళ్ళూ కష్టపడి తెచ్చుకున్నది నా కళ్ళ ముందే పోతోంది. మీ దుకాణం మూయిస్తే మాత్రం ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. ఏం చెయ్యాలో తెలీక చేస్తున్నాను."

ఆయన కళ్ళజోడు కిందనుంచి ఒక చుక్క జారి నదిలో పడింది. మా మామగారు ఏడవడం నేను చూడలేదు ఎప్పుడూ. మా నాన్న తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి కాసేపు ఆయన వైపు, కాసేపు పళ్ళెం వైపు చూశాడు. తర్వాత నోరు మూసుకుని, మళ్ళీ తెరిచాడు.

"అవును, ఐదే" అన్నాడు. "నాకూ ఐదు దాకే కనబడింది. రాయి తల్లీ."

నా చెవులు నేను నమ్మలేదు. ఆ ఐదు రాస్తే లాండ్రీ పోతుంది. "నాన్నా" అన్నాను. "రాయమన్నానా" అని గదిమాడు. నాకు వాళ్ళిద్దరినీ కలిపి నదిలోకి తోసేయాలనిపించింది.

మా మామగారు మెల్లిగా తల ఎత్తారు.

"ఏమన్నారు బావగారూ?"

"ఐదే అన్నాను. మీరు చెప్పిందే కరెక్టు."

మా మామగారి మొహంలో ఏడుపు పోయి అనుమానం వచ్చింది. ఆయన తాడు వదల్లేదు.

"పెళ్ళిలో మూడు వందల కుర్చీలు చాలంటే మీరు నాలుగు వందలన్నారు. మనవరాలి ముక్కు మా పోలికంటే మీ పోలికన్నారు. ఎండగా ఉందంటే, ఎండ కాదు ఉక్కపోత అన్నారు. ఎనిమిదేళ్ళయింది మనం వియ్యమంది. నా మాటకి మీరు ఒక్కసారైనా ఔనన్నారా?"

"అనలేదు."

"మరి ఇవాళెందుకన్నారు? అదీ మీ లాండ్రీకి తాళం పడే మాటకి."

మా నాన్న పెడళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. మా మామగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు, నీళ్ళని చూశారు. ప్రూఫులో తప్పు దొరికినప్పుడు ఆయన మొహం ఎలా మారుతుందో అలా మారింది.

"తప్పు నా కళ్ళలో ఉంది, కదూ?" అన్నారు.

"కొంచెం మసకేమో. వయసు కదా బావగారూ."

"ఎంత మసక?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "పళ్ళెం మీద ఒక చేప నిలబడింది. దానికి మీసాలున్నాయి. నాకు మీసాలు కూడా కనిపిస్తున్నాయి."

పడవ దానంతటదే కొంచెం తిరిగింది. ఆయన కోప్పడతారని, కుంగిపోతారని, ఇద్దరికీ జన్మలో మాటలుండవని నేను ఏవేవో ఊహించుకుంటున్నాను.

"అయితే నది బాగానే ఉందా?" అని అడిగారు మా మామగారు.

"నిక్షేపంగా ఉంది."

ఆయన నవ్వారు. చొక్కా చేత్తో మొహం తుడుచుకుని మళ్ళీ నవ్వారు. తొమ్మిది వారాలుగా మోస్తున్న చావుకబురు ఉత్తదేనని తెలిసిన మనిషిలా, సిగ్గూ లేదు, ఏమీ లేదు, ఊరికే నవ్వుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. వెంటనే ఆయన పడవలో లేచి నిలబడి, హంస మెడ పట్టుకుని, ఒడ్డు వైపు తిరిగి గట్టిగా చెప్పారు.

"నాకు కళ్ళు కనబడటం లేదు. నేను చూసిన అంకెలన్నీ కొట్టేయండి. ఉత్తరం చింపేయండి."

ఒడ్డు మీద గుసగుసలు లేచాయి. "నీళ్ళు తేటగానే ఉన్నాయని నాకు మొదట్నుంచీ అనుమానమే" అన్న డ్రాయింగ్ మాస్టారి గొంతు స్పష్టంగా వినబడింది. బేకరీ ఆవిడ మాత్రం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "మరి ఇవాళ్టి అంకె?" అని అరిచింది.

మా మామగారు తాడు నా చేతిలో పెట్టారు. "చూడు అమ్మాయ్."

"నేను చూడకూడదని నిబంధన ఉంది కదా మావయ్యగారూ."

"అది నేనే రాశాను. కొట్టేస్తున్నాను."

నేను వంగాను. నాన్న నా చెవి దగ్గర, "పన్నెండు ఉంటుంది తల్లీ, కంగారు లేకుండా చూడు" అన్నాడు. ఆరు. చేప వెళ్ళిపోయింది. ఏడు. ఎనిమిది దగ్గర పళ్ళెం పాలిపోయింది. ఇంకొక్క జానెడు దించాను. పళ్ళెం లేదు. పైకి తీసి మళ్ళీ దించాను. మళ్ళీ అక్కడే పోయింది. ఇంకోసారి చూశాను, ఎందుకంటే పన్నెండు కావాలని నాకూ ఉంది. మూడుసార్లూ తొమ్మిదే.

"తొమ్మిది" అన్నాను.

"పన్నెండు" అన్నాడు నాన్న.

"తొమ్మిది నాన్నా."

"వీళ్ళింటి నీళ్ళు తాగి నీ కళ్ళు కూడా పోయాయి."

మా మామగారు అప్పటికే వేళ్ళ మీద లెక్క వేస్తున్నారు. ఆయనలో ప్రాణం లేచొచ్చింది. "ఎనిమిదికి పైనే, మీ లాండ్రీకి ఢోకా లేదు. కానీ మెషిన్ రాకముందు పన్నెండు. మూడు ముడులు తగ్గింది బావగారూ. నా కళ్ళు పోతే పోయాయి, నా అనుమానం మాత్రం పోలేదు."

"వానొచ్చింది కదండీ. వాన మురికి."

"వాన పడి ఎన్నాళ్ళయింది?"

"సరే, ఒక ముడి నాది. రెండు ఊరివి. తిలా పాపం తలా పిడికెడు."

"రెండు మీవి."

"ఒకటిన్నర."

ఇద్దరూ బేరమాడుకుంటూ తొక్కడం మొదలుపెట్టారు, పడవ మళ్ళీ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డు మీద ముప్పై ఇళ్ళవాళ్ళు ఒకసారి మా ముందుకొచ్చారు, ఒకసారి వెనక్కి పోయారు. రెండో చుట్టులో మా నాన్న తెలివిగా నా వైపు తిరిగాడు.

"పోనీ నువ్వే చెప్పు తల్లీ. మూడింట్లో నావెన్ని?"

ఆయన మొహం చూశాను. తొమ్మిది వారాలు తల దించుకుని నడిచిన మొహం. ఇందాక తన లాండ్రీనే వదులుకోబోయిన మొహం కూడా అదే.

"మురుగు తేరే గుంట ఎప్పుడు శుభ్రం చేయించావు నాన్నా?"

"మొన్ననే."

"మొన్న అంటే?"

"మెషిన్ రాకముందు."

"అయితే మూడూ నీవే" అన్నాను. రిజిస్టరు తెరిచి తొమ్మిది అని గుండ్రంగా రాశాను. పక్కన, గుంట శుభ్రం చేయించాలి, గడువు ఒక వారం, అని కూడా రాశాను.

నాన్న తొక్కడం ఆపేశాడు. కోపం వచ్చిందనుకున్నాను. ఆయన కొంచెంసేపు రిజిస్టరు వైపు చూసి, మా మామగారి మోకాలి మీద ఒక్క చరుపు చరిచాడు.

"చూశారా బావగారూ? కన్నతండ్రి అని కూడా చూడలేదు. అదీ నా పెంపకం."

"పెంపకం మీదే కావచ్చు బావగారూ" అన్నారు మా మామగారు, మోకాలు రుద్దుకుంటూ. "చూడటం మాత్రం మా ఇంటికొచ్చాకే నేర్చుకుంది."

"ఏం కాదు" అన్నాడు నాన్న.

అక్కడి నుంచి ఒడ్డు చేరడానికి మాకు గంటన్నర పట్టింది.